నవమి ఎప్పటిదాకా

తిథి అంటే ఒక మొదలు, ఒక చివర. ప్రోగ్రాము రాసేవాళ్ళకి అంతకుమించి తెలియనక్కర్లేదు. ఫిజీలో, సువాలో మా తెలుగు సంఘం వాళ్ళు గోడ క్యాలెండరు వేద్దామని నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కార్యదర్శిగారు టీ తాగుతూ "రెండు రోజుల పని కదా" అన్నారు. కంప్యూటరు పని చేసేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. సరేనని ఒప్పుకుని, నెలల తరబడి దానితో కుస్తీ పట్టాను.

మాకు పంచాంగం ఇండియా నుంచే వచ్చేది. అందులో గంటలు అక్కడివి. మా గడియారం వాళ్ళకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది. కొందరు పూజారులు ఆ తేడా కలిపి చెప్పేవారు. కొందరు అచ్చులో ఉన్నదే చదివేసేవారు. ఇంకొందరు కలపాలో తీసెయ్యాలో తేల్చుకోలేక మధ్యేమార్గంగా ఏదో ఒకటి చెప్పేవారు. తవువాలో ఏకాదశి ఒకరోజు అయితే నౌసోరిలో మర్నాడు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో పుట్టినదాన్ని, ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే తంతు చూస్తున్నాను. ఎవరికీ పట్టింపు లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మొదట రాసిన ప్రోగ్రాములో తిథి వ్యవధిని, అంటే దాని మొదలునీ చివరనీ, ప్రోగ్రాములో ఏ భాగమైనా మార్చగలిగేలా పెట్టాను. నెల పేజీ దాన్ని తీసుకుని ఫిజీ టైముకి జరిపింది. పండగల పేజీ కూడా అదే వ్యవధిని తీసుకుని, అది ఇంకా ఇండియా టైములోనే ఉందనుకుని మళ్ళీ జరిపింది. శివరాత్రి తెల్లారాక వచ్చింది. తల పట్టుకుని, పద్ధతి మార్చాను. వ్యవధి కూడా ఐదు అనే అంకె లాంటి ఒక విలువ. ఐదుకి రెండు కలిపితే ఏడు వస్తుంది గానీ ఐదు పాడవదు. అలాగే వ్యవధిని జరిపితే కొత్తది పుట్టాలి, పాతది చెక్కుచెదరకూడదు. రెండిటి మొదలూ చివరా ఒకటే అయితే ఆ రెండూ ఒకటే, ఎవరు తయారుచేశారన్నది అనవసరం. మొదటి క్షణం లోపలికి లెక్క, చివరి క్షణం బయటికి. అంటే నవమి ముగిసే క్షణం దశమిదే. ఇలా పెట్టుకుంటే ఏ క్షణానికీ రెండు తిథులుండవు, ఏ క్షణమూ తిథి లేకుండా పోదు. ఆ కాసిని పంక్తులూ రాసిన రోజు, చెప్పొద్దూ, నా మీద నాకే ముచ్చటేసింది.

సరిచూసుకోవడానికి నాకు బాగా గుర్తున్న ఒక రోజు కావాలి. నాయన పోయిన రోజు తీసుకున్నాను.

నాయనది తవువా దగ్గర చెరకు పొలం. జబ్బుపడి ఇంట్లోనే మంచం పట్టాడు. ఆ రోజు పొద్దున అమ్మ సువాకి, మా ఆఫీసుకి ఫోన్ చేసి వెంటనే రమ్మంది. నౌసోరి మీదుగా వెళ్ళే బస్సెక్కాను. దారిలో టైరు పేలింది. ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరయింది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను లోపలికి లాక్కెళ్ళి తులసి వేసిన నీళ్ళ చెంచా చేతిలో పెట్టి, "నోట్లో పొయ్యి, జల్దీ" అంది. పోశాను. అమ్మ ఆయన గుండె మీద చెయ్యి పెట్టి చూసి, "అయిపోయింది" అంది. నాకు మిగిలిన ఊరట అదొక్కటే. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "చివరి నిమిషంలో అందుకున్నాను, నీళ్ళు పోశాను" అని చెప్పేదాన్ని.

మర్నాడు అమ్మే పూజారితో మాట్లాడి నవమి అని తేల్చింది. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఏటా తద్దినం నేనే పెట్టేదాన్ని. ఈ దేశంలో పూజారులు ఇలాంటి సర్దుబాట్లకి అడ్డు చెప్పరు. నవమి అంటే నవమే అనుకుని ఇన్నేళ్ళూ నడిపించాను.

ప్రోగ్రాము నవమి అనలేదు. ఆ రోజు నవమి మా ఫిజీ టైములో ఐదు దాటిన కాసేపటికే ముగిసింది. ఆరు గంటలకి దశమి. తప్పెక్కడుందోనని మళ్ళీ మళ్ళీ చూశాను. లేదు. ఆ పూజారి గంటలు కలపడంలో పొరబడి ఉంటాడనుకున్నాను. అడుగుదామంటే ఆయన అప్పటికే కాలం చేశాడు. అంటే ఇన్నేళ్ళూ నాయనకి పరాయి రోజున అన్నం పెట్టామన్నమాట. ఆ ఆలోచన నన్ను నిలవనివ్వలేదు.

ఆ శనివారమే తవువా వెళ్ళాను. అమ్మ వెనక వరండాలో కూర్చుని కూరకి దాలో దుంపలు, అంటే ఇక్కడి చేమదుంపలు, చెక్కు తీస్తోంది. విషయమంతా విడమరిచి చెప్పాను. ఈసారినుంచి దశమి నాడు పెడదామన్నాను.

"లేదు బేటీ. నవమే" అంది, ఇక్కడి హిందీ కలిసిన తన తెలుగులో.

"పూజారి తప్పు చెప్పాడమ్మా."

"పూజారి ఠీకే చెప్పినాడు."

"నేను లెక్క కట్టాను. ఆరింటికి దశమి వచ్చేసింది."

"నీ లెక్క కూడా ఠీకే."

నాకు ముక్కుమీదే ఉంటుంది కోపం. "రెండూ ఎలా ఒప్పవుతాయి? ఆయన పోయింది ఆరింటికి కాదూ? నేను పక్కనే ఉన్నాను కదా!" అని అరిచాను.

అమ్మ దుంప పళ్ళెంలో పెట్టింది. కత్తి కూడా పెట్టింది.

"నువ్వు వచ్చేసరికే ఆయన పొయ్యి గంట దాటింది" అంది.

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను.

"నువ్వు ఏడుస్తా వస్తివి. ఎట్లా చెప్పేది నీకు? అందుకే చెంచా ఇచ్చినా. పూజారికి మాత్రం సచ్ చెప్పినా. తిథి తప్పకూడదు కదా."

కూతురితో అబద్ధమాడగలిగింది గానీ చనిపోయిన మనిషి తిథి దగ్గర ఆడలేకపోయింది. నాకు ముందు కోపమే వచ్చింది. నా ఊరట అంతా ఆవిడ చేతి మీదుగా నడిచిన నాటకమని కోపం. ఎంతమందికి చెప్పుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. ప్రోగ్రాములో ఆరు గంటలని ఒక్క క్షణం పెట్టాను. అక్కడ ఉన్నది క్షణం కాదు. ఆయన పోవడం మొదలు, నేను గుమ్మం ఎక్కడం చివర. ఆ మధ్య కాలమంతా అమ్మ ఒక్కతే ఆ గదిలో ఉంది. ఆ సంగతి నాకు అప్పటికి గానీ తట్టలేదు.

"అంతసేపూ ఏం చేశావమ్మా?" అని అడిగాను.

"ఏం చేస్తాను. పొయ్యి మీద నీళ్ళు పెట్టినా. వేడినీళ్ళలో గుడ్డ పిండి ఆయన చేతులు తుడుస్తా కూర్చున్నా. నువ్వొచ్చి పట్టుకుంటావు కదా. చల్లగా తగలకూడదని."