ముప్పై ఒక్కేళ్ల రన్నింగ్ బ్యాక్

ఇవాళ యూనివర్సిటీలో, వీళ్ల భాషలో యూనిలో, పరీక్ష ఉందని మనవడు కార్తీక్ ల్యాప్‌టాప్ నాకప్పగించి వెళ్లాడు. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌కి ముందు వీడూ వీడి స్నేహితులూ అసలు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని ఊహాజట్లు కట్టుకుంటారు; వాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి వీళ్లకి పాయింట్లు. ఆ ఎంపిక ఇవాళే. వీడి జట్టులో బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఒక్కడే. రెండోవాడిగా ఎవరిని తీసుకోవాలో పేరు రాసిచ్చాడు, ఇరవై రెండేళ్ల కుర్రాడు.

వారంగా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా ఇంటి హాల్లో వీళ్లది ఒకటే వాదన: ముప్పై దాటినవాడు దండగ. కాలేజీలో పాఠాలు చెప్పే నన్ను అప్పట్లో పక్కనపెట్టిన ప్రిన్సిపాలూ కొత్త రక్తం కావాలనే అన్నాడు. ఆ కసితో ముప్పై ఒక్కేళ్లవాడి పేరు నొక్కాను.

కార్తీక్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"వాట్ హావ్ యు డన్, తాతయ్యా? వాడి మోకాలు పోయింది!"

"అనుభవం ఉందిరా."

"అనుభవం పరుగెత్తదు తాతయ్యా!"

ఇక మార్చడం కుదరదట. ఆఖర్న నిలిచినవాణ్ణి వచ్చే ఏడు ఆటలో చేర్చుకోరట. యూనిలో వాడికున్న స్నేహితులు వాళ్లే. ఇంట్లో నాతో మాట్లాడేది వాడొక్కడే, గది తలుపేసుకున్నాడు.

ఏ దేవుణ్ణీ నమ్మని నేను అప్పట్నుంచి ఎవడి మోకాలికో దణ్ణాలు పెడుతున్నాను. మీలో ఎముకల డాక్టర్లుంటే, అది వీళ్ల ఆట ముగిసే డిసెంబరు దాకా నిలుస్తుందని చెప్పండి. అబద్ధమైనా సరే.