చిన్నదాని చెయ్యి

పెద్దకోడలు కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, మరక లేకుండా తుడిచి డబ్బాలో పెట్టడం ఆమె పని. సాయంత్రం ఇంటికి రాగానే చేతిసంచి వరండా మెట్టు మీద పడేసి, మంచినీళ్ళయినా తాగకుండా కత్తెర అందుకునేది.

గేటుకూ వరండాకూ మధ్య జాగా అంతా మొక్కలే. గోడ పొడవునా కాగితప్పూల తీగ, దాని ముందు మందారాలు, నందివర్ధనం, దారికి అటూ ఇటూ గులాబీలు. అన్నీ అత్తగారు పెట్టినవి. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పెద్దకోడలికి మొక్కల గురించి ఏమీ తెలియదు. అత్తగారే పక్కన నిలబెట్టుకుని నేర్పింది. ఎండుపుల్ల ముందు తీసెయ్యాలి. ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది పోవాలి. చిగురు పుట్టే చోటును కన్ను అంటారు. బయటి వైపు చూసే కన్నుకు కాస్త పైన, ఏటవాలుగా కోస్తే చిగురు బయటికి పోతుంది, చెట్టు కడుపులో గాలి ఆడుతుంది. పెద్దకోడలు ఇట్టే పట్టేసింది. ఏడాది తిరిగేసరికి అత్తగారు కత్తెర ముట్టుకోవడం మానేసింది. తర్వాత అత్తగారి చూపు మందగించింది. పెద్దకోడలు తన చేత్తో బిగించి తెచ్చిన దళసరి అద్దాలు కూడా పనిచెయ్యలేదు. ఆవిడ వరండా కుర్చీకే పరిమితమైపోయింది. ఇక మొక్కలకు మహారాణి పెద్దకోడలే. చాలా ఏళ్ళు అలాగే నడిచింది.

అప్పుడు మరిదికి పెళ్ళయింది.

చిన్నకోడలు వస్తూ వస్తూ బట్టల పెట్టెతో పాటు ఒక పాత డబ్బా తెచ్చుకుంది. అందులో తడిగుడ్డ చుట్టిన ముద్దమందార కొమ్మ. వచ్చిన మర్నాడే దాన్ని గోడ మూల నాటింది. అది ఎండాకాలం. ఆ కొమ్మ బతకదని పెద్దకోడలు అనుకుంది, అనుకోవడమే కాదు, మొగుడితో అంది కూడా. అది బతికింది. బతికి, పెద్దకోడలు ఏళ్ళ తరబడి సాకిన మందారాల పక్కనే నిలబడి, వాటికంటే పెద్ద పూవు పూసింది.

అక్కడి నుంచి మొదలు. చిన్నకోడలు ఏ పుల్ల గుచ్చినా చిగురించేది. పెద్దకోడలు కోసి కుప్ప పోసిన కొమ్మల్లోంచి పెన్సిలంత లావువి ఏరుకునేది. కింది ఆకులు దూసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు బోర్లించి నీడలో పెట్టేది. అంతే. కొన్నాళ్ళకు ఆ కుండీలన్నీ పచ్చగా ఉండేవి. తను చెత్త కింద పారేసింది అక్కడ మొక్కయి నవ్వుతుంటే పెద్దకోడలికి ఒళ్ళు మండేది.

అత్తగారు పొద్దున్నే చిన్నకోడలి చెయ్యి పట్టుకుని కుండీల మధ్య తిరిగేది. ఆకులను వేళ్ళతో తడిమి చూసేది.

"ఇది ఏంటమ్మా?"

"కాగితప్పూలు అత్తయ్యా. నారింజ రంగుది."

"దీనికి వేరు రావడం ఎంత కష్టమో తెలుసా? నీ చెయ్యి మంచిది తల్లీ."

ఈ మాట షాపుకు బయలుదేరుతున్న పెద్దకోడలి చెవిన రోజూ పడేది. ఎవరు ఇంటికొచ్చినా అత్తగారిది అదే పాట. ఎదురింటి టీచరమ్మ వచ్చి పూలు బాగున్నాయంటే, "చిన్నదాని చెయ్యండీ, అది ఎండిన కట్టె గుచ్చినా లేచి కూర్చుంటుంది" అనేది. ఆ పూలు పూయడానికి ఎవరు ఎప్పుడు ఏ కొమ్మ కోశారో మాత్రం ఆవిడ చెప్పేది కాదు. పెద్దకోడలు పక్కనే నిలబడి టీచరమ్మకు కాఫీ అందిస్తూ, కప్పు కాస్త గట్టిగానే బల్ల మీద పెట్టేది.

చివరికి తనూ కొమ్మలు గుచ్చింది. వెనక గోడ నీడలో, ఎవరి కంటా పడకుండా. ఇసుకా అదే, మట్టీ అదే, కవరు కూడా చిన్నదాని దగ్గరున్నదాని లాంటిదే. కానీ ఆమెకు ఆగడం చేతకాలేదు. షాపు నుంచి రాగానే కవరు తీసి, కొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా పైకి లాగి చూసేది. వేరు పట్టుకుంటే కొమ్మ రాదు, పట్టుకోకపోతే వచ్చేస్తుంది. అది రోజూ వచ్చేసేది. మళ్ళీ గుచ్చేది. మర్నాడు మళ్ళీ లాగేది.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే" అన్నాడు మొగుడు ఒకరోజు. ఆయన మోటార్లకు తీగ చుట్టే షాపులో పనిచేసేవాడు, ఏ విషయమైనా నవ్వులాటే ఆయనకు. "నేను అన్నం తినేటప్పుడు నువ్వు నిమిషానికోసారి నోరు తెరిపించి చూస్తే నాకు అరుగుతుందా?"

"మీరు మీ తమ్ముడి పెళ్ళానికి చెప్పండి ఈ కబుర్లు. ఆవిడ పక్కనుంటే మీ అందరికీ బాగా అరుగుతుంది."

ఆయన నవ్వు ఆపేసి పేపరు తీసుకున్నాడు.

ఇంతలో వరండా పక్కనున్న పాత గులాబీ చెట్టు చచ్చే దశకు వచ్చింది. లేత గులాబీరంగు, చిన్న పూలు, ఒత్తుగా రెక్కలు. అత్తగారు కాపురానికొచ్చిన కొత్తల్లో పెట్టిన చెట్టు. కాండం బోలుగా అయిపోయి, ఒక్కో కొమ్మే నల్లబడుతోంది. "దీనికో పిల్లను చెయ్యండే ఇద్దరూ. నేను పోయేలోగా దాని వాసన ఇంకో చెట్టు మీద చూడాలి" అంది అత్తగారు.

ఇద్దరూ కొమ్మలు తీసుకున్నారు. పెద్దకోడలివి వారం తిరక్కుండా నల్లబడ్డాయి. చిన్నకోడలివి చిగురు తొడిగాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మరిదీ చిన్నకోడలూ సినిమాకి వెళ్ళారు. మొగుడు మంచం మీద, అత్తగారు కుర్చీలో నిద్ర. పెద్దకోడలు చిన్నదాని కుండీల దగ్గర కూర్చుని కవరు ఎత్తింది. ఊరికే చూద్దామనే అనుకుంది. చిగుళ్ళు ఎర్రగా, తేనె పూసినట్టు మెరుస్తున్నాయి. రెండు వేళ్ళతో ఒక కొమ్మను పట్టుకుంది. కాస్త బిగిసింది, తర్వాత సన్నగా టిక్కుమని ఏదో తెగినట్టయి బయటికి వచ్చేసింది. కొమ్మ అడుగున దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్ళు, సగం తెగి వేలాడుతున్నాయి. దాన్ని మళ్ళీ గుచ్చి మట్టి అదిమింది. అక్కడితో లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. పక్కదాన్ని పట్టుకుంది. తర్వాత దాని పక్కదాన్ని.

కొద్దిరోజుల్లో చిగుళ్ళన్నీ తలలు వాల్చేశాయి. చిన్నకోడలు ఒక్కో కొమ్మనూ బయటికి తీసి, తెగిన వేళ్ళను చూసింది. కుండీలో మట్టి మీద అదిమిన వేలిముద్రల గుంటలు చూసింది. తలెత్తి వంటింటి కిటికీ వైపు చూసింది. కిటికీలో పెద్దకోడలు గిన్నె తోముతోంది, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. చిన్నకోడలు చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్ళింది.

"గులాబీలు ఈసారి రాలేదు అత్తయ్యా."

"పోనీలే తల్లీ" అంది అత్తగారు. "నీ చేతికే రాకపోతే ఇంకెవరి చేతికీ రాదు."

ఆ మాట పెద్దకోడలి గుండెల్లో ముల్లులా దిగింది. చెయ్యరాని పని చేసి కూడా ఆమెకు దక్కింది ఇదీ.

ఆ తర్వాత చిన్నకోడలు గులాబీని కుండీలో పెట్టలేదు. పాత చెట్టుకు కిందగా మిగిలిన ఒక మంచి కొమ్మను వంచింది. మధ్యలో బెరడు కాస్త చెక్కి, ఆ భాగాన్ని మట్టిలో పూడ్చి, పైన ఇటుక పెట్టింది. కొమ్మ తల్లి చెట్టుతోనే ఉంటుంది, తల్లి పాలు తాగుతూనే మట్టిలో వేరు తొడుగుతుంది.

"ఇటుక ఎందుకు?" అని అడిగింది పెద్దకోడలు. అడక్కుండా ఉండాల్సింది.

"లేకపోతే లేచిపోతుంది అక్కా. ఎవరైనా పీకాలన్నా పీకలేరు" అంది చిన్నకోడలు, ఆమె మొహంలోకి చూస్తూ.

ఆ ఇటుక వానలు వెళ్ళేదాకా అక్కడే ఉంది. ఆ ఇద్దరి మధ్యా ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్న మాటలు తప్ప ఇంకేం లేవు.

మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కంపెనీ వాళ్ళు ఊరికి ఆ చివరనున్న ఎత్తయిన భవనాలు అప్పజెప్పి, అక్కడే ఇల్లు ఇచ్చారు. బయలుదేరేరోజు చిన్నకోడలు వేరు పట్టిన గులాబీని తల్లి చెట్టు నుంచి కోసి, కుండీలోకి మార్చింది. తీసుకుపోతుందనే పెద్దకోడలు అనుకుంది. చిన్నకోడలు కుండీని అత్తగారి కుర్చీ పక్కన పెట్టి, బకెట్లో నాలుగు పుల్లలు వేసుకుని ఆటో ఎక్కింది.

ఇప్పుడు జాగా అంతా పెద్దకోడలిదే. అయినా కడుపులో మంట ఆరలేదు. టీచరమ్మ గేటు దగ్గర ఆగి, "ఇవన్నీ మీ చిన్నకోడలు పెట్టినవేగా?" అనేది. అత్తగారు గులాబీ కుండీని తడిమి, "దానికి అక్కడ ఎండ తగులుతుందో లేదో" అని బెంగపడేది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కనీసం మొహం తిప్పుకునే వీలుండేది. లేని మనిషి నుంచి ఎటు తిప్పుకుంటుంది?

ఒకరోజు షాపు వాళ్ళు ఊరి ఆ చివర ఒకరికి కళ్ళజోడు ఇచ్చిరమ్మన్నారు. ఆ పని అయ్యాక పెద్దకోడలు ఎక్కాల్సిన బస్సు ఎక్కలేదు. వీధులు అడుగుతూ చిన్నకోడలి భవనం వెతుక్కుని, ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి పైకి చూసింది. చిన్నదాని బాల్కనీలో పూలవనం వేలాడుతుందనుకుంది. కనబడింది తుప్ప. మందారం సన్నగా, పొడుగ్గా కడ్డీల్లోంచి బయటికి సాగింది. కాగితప్పూల తీగ బట్టల తాడు చుట్టుకుని పైయింటి వైపు పాకుతోంది. ఎక్కడా పూవన్నది లేదు. చాలా రోజుల తర్వాత పెద్దకోడలి కడుపు చల్లబడింది.

"అక్కా," అని కేక వినబడింది పైనుంచి. "అక్కడే నిలబడ్డావేం? పైకి రా."

పారిపోవడానికి ఆలస్యమైపోయింది. పైకి వెళ్ళింది.

చిన్నకోడలు టీ పెట్టి, నేరుగా బాల్కనీలోకి తీసుకెళ్ళింది. "చూశావుగా నా అడవి. ఒక్క పూవు లేదు."

"కొయ్యాలిగా మరి."

"నా వల్ల కాదు అక్కా. ప్రాణం పెట్టి పెంచిన కొమ్మ మీద కత్తెర పెట్టాలంటే చెయ్యి రాదు. నువ్వు కోస్తుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయేదాన్ని." చిన్నకోడలు మొహానికి తగులుతున్న తీగను పక్కకు జరిపింది. "అత్తయ్య రోజూ అనేది నాతో. నువ్వు పుల్లలు గుచ్చుతావే గానీ, పెద్దది కొయ్యకపోతే ఇది పాముల దిబ్బ అయ్యేది, దాని కత్తెరకు కళ్ళున్నాయి అని. విని విని నాకు అరికాలి మంట నెత్తికెక్కేది."

పెద్దకోడలు టీ గ్లాసు కింద పెట్టింది. "నాతో ఒక్కనాడూ అనలేదు."

"నాతో మాత్రం మానలేదు."

"ఆ గులాబీలు..." అంది పెద్దకోడలు.

"తెలుసు. ఆరోజు నీ నెత్తిన కుండీ పగలగొట్టాలనిపించింది. ఇంకోసారి చేస్తే పగలగొడతాను." కూరగాయల కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది. "ఇదే ఉంది. కొయ్యి. నేను అటు తిరిగి నిలబడతాను."

పెద్దకోడలు కోసింది. మందారాన్ని సగానికి దించింది, తీగను తాడు మీంచి విప్పి పొట్టిగా చేసింది. కత్తెర టక్కుమన్నప్పుడల్లా చిన్నకోడలి భుజాలు అదిరేవి. పడిన కొమ్మలను మాత్రం ఒక్కటి వదలకుండా ఏరుకుంది.

సాయంత్రం ఇంటికి రాగానే పెద్దకోడలు కుర్చీ ముందు నిలబడింది. "అత్తయ్యా, నా కత్తెరకు కళ్ళున్నాయని దానితో అన్నారట. నాతో ఎందుకు అనలేదు?"

అత్తగారు ఆమె గొంతు వైపు మొహం తిప్పింది. "నీతో అనేదేముందే. నీ పని నీకు తెలీదా?"

"తెలిసినా వినాలనుంటుంది."

"అలాగా," అంది అత్తగారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నాతో ఎవరూ ఎప్పుడూ అన్లేదు. అనాలని తోచలేదు."

పెద్దకోడలు ఆ తర్వాత కూడా చిన్నదాని బాల్కనీకి వెళుతూనే ఉంది. అక్కడ మొక్కలు ఒత్తుగా గుబురు కట్టి పూశాయి. పక్కింటావిడ తొంగిచూసి చిన్నకోడలిని మెచ్చుకున్నప్పుడు పెద్దకోడలికి పాత మంట మళ్ళీ రాజుకుంది. కానీ ఈసారి నోరు మూసుకోలేదు. "పెట్టింది తను. కోసింది నేను" అంది, పక్కింటావిడకు బాగా వినబడేలా.