నీళ్లంటే గిట్టని సుందర్ రావు సారు

మా సుందర్ రావు సారుకు లోకంలో శత్రువు ఒక్కటే, నీళ్లు. తాగే నీళ్లతో పేచీ లేదు, ఒంటి మీద పోసుకునే నీళ్లతోనే వైరం. ఎదురైన మనిషిని "బాగున్నవా?" అని అడగడం ఆయనకు చేతకాదు. "తానం జేసినవా?" అనే అడుగుతాడు, అదీ దొంగను పట్టుకున్న పోలీసులాగా.

ఎనభైల మొదట్లో ఫిజిక్సులో ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని, వరంగల్‌లో కాన్సరుకు కిరణాల వైద్యం చేసే కోబాల్టు మిషను కొత్తగా పెట్టిన ఒక దవాఖానలో ఆయన కింద ట్రైనింగుకు చేరాను. మొదటి రోజు కదా అని తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. సారు దగ్గరకొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"సబ్బు వాసనొస్తాంది."

"పొద్దుగాలనే స్నానం చేసొచ్చిన సార్."

"ఎందుకు?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"పేషెంట్లు నిన్ను జూసి నేర్చుకుంటరయ్యా. రేపట్నుంచి జర మురికిగ రా," అన్నాడు. మా అమ్మ నన్ను కష్టపడి చదివించింది ఇందుకే కాబోలు.

కాన్సరు గడ్డ మీద కిరణాలు సరిగ్గా పడాలని ఒంటి మీద ఊదారంగుతో గీతలు గీస్తాం. అవి చెరిగితే మళ్లీ ఎక్స్‌రేలు, మళ్లీ కొలతలు, వ్యవహారం మొదటికొస్తుంది. అందుకే వైద్యం ముగిసేదాకా గీత ఉన్నచోట నీళ్లు తగలనీయకూడదు. అన్నిచోట్లా ఉన్న నియమమే. మా సారు దాన్ని మతంగా మార్చాడు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే కట్టయ్య ఛాతీ మీద గీత చెమటకు కరిగితే, "చెమట పట్టుమని నీకెవడు చెప్పిండు?" అని నిలదీశాడు. చర్చిలో ఎవరికో బాప్తిస్మం ఇస్తుంటే ముందు బెంచీలోంచి లేచి "మెడ దాకా చాలు పాస్టర్ గారూ" అన్నాడట. ఆయన భార్య ప్రమీలమ్మే చెప్పింది. "ఇంట్ల బకెట్లు దాచిపెట్టుకుంటాన తమ్మీ," అని వాపోయింది కూడా. ఇక వార్డు వాసనకు సూపరింటెండెంటు మొదట ముక్కుకు రుమాలు కట్టుకుని రౌండ్లకొచ్చేవాడు, తర్వాత రావడమే మానేశాడు. సారు దాన్ని తన విజయాల్లో వేసుకున్నాడు.

అలాంటి మనిషికి మొగిలమ్మ తగిలింది. ములుగు వైపు పల్లెటూరు, గొంతులో గడ్డ. సగం వైద్యమయ్యేసరికి గడ్డ కరగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మేడారం జాతర వచ్చిపడింది. ఆమె మూట కట్టుకుని గేటు దగ్గర కూర్చుంది.

"యాడికవ్వా?" అన్నాడు సారు.

"జాతరకు. గడ్డ తగ్గితే జంపన్న వాగుల మునుగుతనని సమ్మక్కకు మొక్కిన. తగ్గింది. పోవాలె."

"తగ్గించింది మిషినవ్వా."

"మిషినుకు చెప్పింది తల్లే."

సారు ఫిజిక్సు పక్కన పెట్టి భయపెట్టడానికి దిగాడు.

"ఇప్పుడు ఆపితే గడ్డ మళ్ల పెరుగుతది. ఈసారి మిషిను మాట ఇనది. సచ్చిపోతవ్."

"ఎట్లయినా సచ్చేదుంటే మాట నిలబెట్టుకోనే సస్త సారు."

సారు వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీ బదులు ఇంకొకలు మునిగితే తల్లి ఒప్పుకుంటదా?"

మొగిలమ్మ ఆలోచించింది. "ఒప్పుకుంటది. కని నా కొడుకు యాకయ్య వద్దు. వాడు నీళ్లల్ల మునగకముందే కల్లుల మునుగుతడు. నువ్వయితే నమ్ముత."

"నేను కిరస్తానోన్ని గదవ్వా."

"నీళ్లకేమెరుక?"

తాను వచ్చేదాకా రోజూ కరెంటు, అంటే మిషను కిరణాలు, పెట్టించుకోవాలని ఆమెకు షరతు పెట్టి, ఎన్నడూ సెలవడగని మనిషి సెలవు మీద వెళ్లాడు. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం.

జాతర ముగిశాక తిరిగొచ్చాడు. ముందు తుమ్ములు వినబడ్డాయి, తర్వాత సారు కనబడ్డాడు. దారి చూపడానికి వెంట వెళ్లిన యాకయ్య అమ్మకు అంతా చెప్పాడు.

"సారు ఒడ్డు మీద శానసేపు నిలబడ్డడే. ఎనకనుంచి జనం నూకితే వాగుల పడ్డడు. ఇది లెక్కకు రాదని ఒడ్డెక్కి, మళ్ల నీ పేరు జెప్పుకుంట సొంతంగ మునిగిండు."

నా నవ్వు ఆగిపోయింది. యాకయ్యకు ఇంత కల్లు పోయించి, హనుమకొండలో తన ఇంట్లో పడుకుని, మునిగొచ్చానని చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

సారు తడి కాగితం విప్పి బంగారం, అదే జాతర బెల్లం, ముక్క తీసిచ్చాడు. మొగిలమ్మ కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. మేమందరం ఆమె గొంతు వైపే చూస్తున్నాం. కాసేపు చప్పరించి, గుటుక్కున మింగింది.

"ఇసుక తలుగుతాంది సారు. జర మంచిది జూసి తేవద్దా?"

"మాట్లాడకుండ పండుకో అవ్వా. గీత కదుల్తాంది," అన్నాడు సారు ముక్కు తుడుచుకుంటూ.

మొగిలమ్మ మూట గోడవారకు తోసేసి, వెళ్లి మిషను కింద బల్ల మీద పడుకుంది.