బొట్టు పెట్టిన హెల్మెట్

హెల్మెట్ లేకపోతే జరిమానా అని రూలు గట్టిగా అమలు చేస్తున్న రోజులవి. ఆమదాలవలస స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన చేపలమ్మే ఒకామె కూర్చుంది. ఆమె ఒళ్లో ఒక పక్కంతా గీరుకుపోయిన హెల్మెట్. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నేను చూస్తుంటే తనే చెప్పింది.

"మాది భావనపాడమ్మా. మా మావని హైవే మీద లారీ గుద్దేసినాది. పోలీసోలు ఫైనేస్తారన్న బయానికి ఇది ఎట్టుకున్నాడు గానీ, లేకపోతే దక్కునా? ఇయాల ఆడ్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తేడానికెల్తన్నాను. పడవకి ఎట్టినట్టే దీనికీ బొట్టెట్టినాను, ఆడికి సూపించాల."

మా ఆయన స్కూటర్ మీంచి పడి చనిపోయింది కూడా ఆ హైవే మీదే. రూలు గట్టిపడటానికి ఏడాది ముందు. అప్పుడు ఆయన్ని ఆపి హెల్మెట్ ఏదని అడిగిన పోలీసు ఒక్కడూ లేడు. ఆమె మొగుడి ఫైను భయం కూడా ఒక భాగ్యంలా కనిపించి నాకు కడుపు మండింది.

"ఒకపాలి పట్టుకోమ్మా, టీ తాగొస్తాను," అంటూ దాన్ని నా ఒళ్లో పెట్టి వెళ్లింది. ఆ గీతల్ని వేళ్లతో తడుముతూ కూర్చున్నాను.

తిరిగొచ్చి చెయ్యి చాపింది. ఆమె రెండోసారి అడిగాకే ఇచ్చాను.