నాలుగు రంగుల డబ్బాలు

2024 వేసవి. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే ఒక పాత షెడ్డు. అందులో ఒక అంతరిక్ష నౌక. నవ్వకండి, నేనూ మొదటిరోజు నవ్వాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు రేకులతో, ఫైబర్ పలకలతో రెండు బస్సులంత నమూనా నౌక కట్టించారు. నలుగురు మనుషులు నలభై అయిదు రోజులు తలుపు తీయకుండా అందులో ఉండాలి. దూరప్రయాణంలో మనిషి ఒంటికీ మనసుకీ ఏమవుతుందో చూడటం దాని ఉద్దేశం. పక్క షెడ్డులో గ్రైండర్లు, బయట రోడ్డు మీద లారీ హారన్లు. అంతరిక్షంలో అంత గోల ఎక్కడా ఉండదేమో.

ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగి రిటైరైన నర్సును నేను. పటమటలో మా ఇంటికి వాళ్ళే వచ్చి, నలుగురి ఆరోగ్యం చూసే బాధ్యత అప్పగించారు. రోజూ పొద్దున వైటల్స్, అంటే బీపీ, నాడి, జ్వరం, బరువు, వాళ్ళంతట వాళ్ళు చూసుకుని మైకులో చెబితే నేను రాసుకోవాలి. కెమెరాలో చూస్తూ ఉండాలి. తిండి పట్టిక తయారీ కూడా నాదే.

లోపలికి వెళ్ళిన నలుగురూ నాలుగు దిక్కులవాళ్ళు. కమాండర్ మూర్తి గారు కాలేజీ మాస్టారు, యాభై దాటినాయన, గుడ్డు వాసన కూడా పడదు. కోటేశ్వరి మంగళగిరిలో మగ్గం నేసిన మనిషి. స్పేస్ సూట్ల కుట్టుపని కోసం తీసుకున్నారు. బరాకా టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడు, లోపల మొక్కలు పెంచడం అతని పని. నాలుగో మనిషి రెహానా, ఇరవై మూడేళ్ళ ఎలక్ట్రీషియన్. వాళ్ళ నాన్న ఆటోనగర్‌లోనే లారీలకు వైరింగ్ చేస్తాడు.

ఇంతమందికి తిండి ఎలా? ఒకరికి హలాల్ కావాలి, ఒకరికి నీచు తగలకూడదు, ఒకరికి మొక్కజొన్న పిండి లేనిదే పూట గడవదు. నాకు ఇవి కొత్తా? హాస్పిటల్‌లో డైట్ ట్రాలీ తోసిన చేతులివి. నాలుగు రంగుల డబ్బాలు కొన్నాను. నలభై అయిదు రోజుల పొట్లాలూ విడివిడిగా కట్టి పేర్లు అంటించాను. స్పూన్లకు కూడా రంగులే. ఎవరి డబ్బా వారిది, ఎవరి వేళ వారిది, ఎవరికీ ఎవరితో పేచీ లేదు. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

పన్నెండో రోజు పొద్దున రెహానా బరువు చెప్పింది. నలభై ఆరు. లోపలికి వెళ్ళేటప్పుడు యాభై.

ఆ అమ్మాయి ఎత్తుకి నలభై నాలుగు మేము పెట్టుకున్న హద్దు. అక్కడికి దిగితే తలుపు తెరవాల్సిందే. తలుపు తెరిస్తే నలుగురి శ్రమా వృథా, రెహానాకు ఆ కాలేజీలో రాబోయే పర్మనెంట్ ఉద్యోగమూ పోతుంది. జ్వరం లేదు, వాంతులు లేవు, లోపలి కిట్‌తో చేసుకున్న రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. సన్నబడాలని కడుపు మాడ్చుకుంటోందనుకుని నాకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, డైటింగ్ చేయడానికి ఇదే దొరికిందా నీకు?" అన్నాను మైకులో.

"లేదండీ సిస్టర్. తినాలనే కూర్చుంటున్నా. మా ఇంట్లో పదకొండు మందిమండీ. దస్తర్‌ఖాన్ పరిస్తే ఆఖరి మనిషి వచ్చి కూర్చునేదాకా ఎవ్వరం ముద్ద ముట్టం. ఇక్కడ ఒక్కదాన్నే డబ్బా మూత తీస్తే ముద్ద దిగడం లేదు."

దస్తర్‌ఖాన్ అంటే భోజనానికి నేలమీద పరిచే గుడ్డ. నేను పాత వీడియోలు తిప్పి చూశాను. నలుగురూ నాలుగు మూలల్లో గోడల వైపు తిరిగి, తలా ఒక వేళకి తింటున్నారు. రైల్లో ఎదురుబొదురు కూర్చున్న పరాయి మనుషులు కూడా "భోంచేశారా" అనుకుంటారు. వీళ్ళకు ఆ మాట కూడా లేదు. ఆ ఏర్పాటు చేసిన మహాతల్లిని నేనే.

ఈ ప్రయోగం నడిపే డైరెక్టర్ గారు అమ్మాయిని బయటికి తెచ్చేద్దామన్నారు. తిండి పట్టిక నా చేతిలో ఉన్నంతవరకు నా మాటే చెల్లుతుందని చెప్పి, ఒక మెడికల్ ఆర్డర్ రాసి లోపలి కంప్యూటర్‌కి పంపాను. నలుగురూ ఒకే వేళకి, ఒకే గుడ్డ చుట్టూ కూర్చోవాలి. అందరూ వచ్చేదాకా మూత తీయకూడదు.

మూర్తి గారు వెంటనే లైన్‌లోకి వచ్చారు. "సిస్టర్, మాంసం డబ్బా పక్కన నేనెలా కూర్చుంటానండీ?"

"మీ డబ్బాలో ఎవరూ చెయ్యి పెట్టరండీ. పక్కన కూర్చోమన్నాను, అంతే. ఇది మందు. కమాండర్ గారు మాత్ర మింగనంటారా?"

కోటేశ్వరి సూట్ల లోపలి గుడ్డ మిగిలింది తీసి, అంచులు కుట్టి మధ్యలో పరిచింది. కూర్చున్నారు. కానీ మూర్తి గారు రోజూ పదినిమిషాలు ఆలస్యంగా రావడం, గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిపోవడం, ఆయన లేవగానే రెహానా డబ్బా మూసేయడం. పదిహేనో రోజుకి రెహానా నలభై నాలుగు పాయింట్ రెండు. రెహానాను బయటికి తేవాలనే సర్టిఫికెట్ డైరెక్టర్ గారు టైపు చేయించి నా బల్ల మీద పెట్టారు. రేపు పొద్దున హద్దుకు దిగితే నేను సంతకం చేయాలి. నా మందు పనిచేయలేదని ఒప్పుకోవాలి.

ఆ మధ్యాహ్నం నీళ్ళు శుద్ధి చేసే పంపు మొరాయించింది. మూర్తి గారు దాని కింద దూరారు. గంట దాటింది, గంటన్నర అయింది. కెమెరాలో చూస్తే గుడ్డ చుట్టూ ముగ్గురు, ముందు మూడు మూసిన డబ్బాలు. ఒక్క పూట తినకపోతే ఆ పిల్ల పని అయిపోతుంది.

"రెహానా, ఆర్డరు రద్దు చేస్తున్నా. తినెయ్యమ్మా."

"సార్ రాలేదండీ."

"ఆయనొచ్చాకే తింటాంలే సిస్టర్ గారూ," అంది కోటేశ్వరి. "మనిషి పనిలో ఉంటే మనం ఎట్టా తింటాం?"

బరాకా కూడా తలూపి, "సార్ వస్తారు. తింటాం," అన్నాడు.

మూర్తి గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి మూసిన డబ్బాలు చూసి అలాగే నిలబడిపోయారు. "మీరింకా తినలేదా?" అని అడిగారు. ముగ్గురూ జరిగి చోటిచ్చారు. ఆయన కూర్చున్నారు. తన డబ్బా మూత తీసి, అందులోని పులిహోర సగం రెహానా మూతలో పెట్టారు.

"ముందు నువ్వు తినమ్మా. నువ్వు ముద్ద ఎత్తితేగానీ నేను ఎత్తను."

రెహానా తింది. తన వంతు తినేసి, ఆ పులిహోర కూడా తింది. మూర్తి గారు ఆ రోజు నలభై నిమిషాలు కూర్చున్నారు. బరాకా మొక్కజొన్న పిండితో ఉడికించిన ముద్ద అడిగి మరీ రుచి చూసి, "ఇది మా అమ్మమ్మ సంకటే కదయ్యా," అన్నారు. ఇక్కడ కుర్చీలో నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి?

సాయంత్రం ఆయన లైన్‌లోకి వచ్చి, "పదేళ్ళుగా మెస్సులో తింటున్నాను సిస్టర్. నా కోసం డబ్బా మూసుకుని కూర్చునేవాళ్ళుంటారని అనుకోలేదు," అన్నారు.

మర్నాడు పొద్దున రెహానా తూకమెక్కుతుంటే మిగతా ముగ్గురూ వెనకే నిలబడ్డారు. నలభై నాలుగు పాయింట్ అయిదు. అంతమాత్రం తేడా నీళ్ళ బరువు కూడా కావచ్చు, నర్సుగా నాకు తెలుసు. అయినా డైరెక్టర్ గారి కాగితం సంతకం చేయకుండా ఆయన చేతిలోనే పెట్టేశాను. వారానికల్లా నలభై ఆరు దాటింది. నా రంగుల లెక్క మొత్తం తారుమారైంది. హలాల్ హలాల్‌గానే, శాకాహారం శాకాహారంగానే ఉన్నాయి గానీ, అందరికీ పనికొచ్చేవన్నీ గుడ్డ మధ్యలోకి చేరాయి.

నలభై అయిదో రోజు తలుపు తెరిచాం. ఆటోనగర్ మెకానిక్కులు పనులాపి వచ్చి ఈలలు వేశారు. రెహానా నలభై తొమ్మిదిన్నర. కూతుర్ని చూసి వాళ్ళ నాన్న పరుగున వచ్చి తల నిమిరాడు.

బయటికొచ్చాక హాస్పిటల్‌లో చేసే పరీక్షలకు అందరి ఫారాలూ నింపుతున్నాను. మూర్తి గారి ఫారంలో అటెండెంట్ గడి వచ్చింది, అంటే రోగి తరఫున సంతకం పెట్టే ఇంటి మనిషి. "నాకెవరూ లేరు, వదిలేయండి," అన్నారాయన. రెహానా నా చేతిలో పెన్ను లాక్కుని సంతకం పెట్టింది. కింద కోటేశ్వరి, ఆ కింద బరాకా. బంధుత్వం అన్నచోట ముగ్గురూ "క్రూ" అని రాశారు. ముప్పై ఏళ్ళు రక్తసంబంధీకులు కాని వాళ్ళని ఆ గడి దగ్గరికి రానివ్వని దాన్ని, గట్టిగా ముద్ర కొట్టాను.

గౌరవం అంటే ఎవరికి వారిని విడిగా కూర్చోబెట్టడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా తిండి సయించడం లేదని వస్తే ఏం తింటున్నారని తర్వాత అడుగుతాను. ఎవరితో తింటున్నారని ముందు అడుగుతాను.