జింక చెవి

ప్రభుత్వం వేటను నిషేధించక ముందు, మా మేనమామ నల్లమల కొండల్లో తుపాకీ కంటే భద్రంగా మోసింది దుర్భిణినే. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, ఎదుటి కొండ వాలును మనసులోనే ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కా తీరిగ్గా చూసేవాడట. జింక మొత్తం ఎప్పుడూ కనిపించదు, చెవి కోసం చూడాలనేవాడు. చెవి దొరికాక స్టాండును వేలితో కూడా తాకకూడదు.

ఆ దుర్భిణి చివరికి ఎల్బీనగర్‌లో మా డాబా మీదికి చేరింది. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క జింకనూ వేటాడలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని నా చీరల దుకాణానికి వచ్చేవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు.

నా కోతలన్నీ ఓపిగ్గా విన్నది లెక్చరర్ సారు ఒక్కడే. గుంటూరు నుంచి వచ్చి మా పై వాటాలో కిరాయికి ఉంటూ, చైతన్యపురిలో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాడు. ఉద్యమం రోజుల్లో బంద్ వచ్చిందంటే నాకు దుకాణం లేదు, ఆయనకు క్లాసు లేదు. పొద్దున్నే ఇద్దరం డాబా ఎక్కి వనస్థలిపురం వైపు, జింకల పార్కు పొదల మీదికి దుర్భిణి తిప్పేవాళ్లం.

"మా మామ ఈ దుర్భిణిలకెల్లి చూస్తే ఏడు కొండల అవతలి జింకకు కనురెప్పల వెంట్రుకలు లెక్కవెట్టేటోడు సారూ."

"భూమి గుండ్రంగా ఉంటుంది కదండీ. ఏడో కొండ కిందికి దిగిపోదూ?"

"గందుకే జర ఎగిరి చూసేటోడు."

బంద్‌లు ఎక్కువయ్యాయి. పిల్లల చదువు పాడవుతోంది, గుంటూరు వెళ్లిపోదామని వాళ్లావిడ పట్టుబట్టింది. ఆయన ఎటూ తేల్చుకోలేకపోయాడు. నేను తెలంగాణ కావాలని రోడ్డు మీద బైఠాయించి వచ్చినవాణ్ణే. అయినా ఆ మనిషి పోకూడదని ఉండేది. "ఉండండి" అని అడగడానికి మాత్రం నోరు రాలేదు. కోతలు ఎన్నైనా కోసే నోరది.

"జింకను చూపెడితే ఇంకో ఏడాది ఉంటరా సారూ? పందెం."

"ముందు చూపించండి."

ఆ తర్వాతి బంద్ నాడు ఎండు పొదల మధ్య ఒక చెవి కదిలింది. ఇది మాత్రం నమ్మండి. ఆయన కింద పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. నా కేకకు పరుగున వచ్చి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"చూశానండి."

"ఏం గనవడ్డది?"

"చెవి. ఎడమ చెవి. ఇలా ఆడించింది." తల దించుకుని నవ్వాడు. "పందెం ఓడిపోయాను. ఏడాది ఉండాల్సిందే. మా ఆవిడతో చెప్పొస్తాను."

ఆయన మెట్లు దిగాక నేను వంగి చూశాను. ఆయన్ని పిలవడానికి లేచినప్పుడు నా మోకాలు స్టాండుకు తగిలినట్టుంది. దుర్భిణి నిండా పక్కింటి నీళ్ల ట్యాంకు గోడ తప్ప ఇంకేమీ లేదు.

నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. సరిగ్గా ఏడాది ఉండి వెళ్లిపోయాడు. తర్వాత చాలాసార్లు జింక చెవులు కనిపించాయి. కనిపించినప్పుడల్లా పై వాటాకు దిగే మెట్ల వైపు చూసి, పిలవబోయి ఊరుకుంటాను. ఆ ఏడాది లోపలే ఇంకో పందెం కాయాల్సింది.