ఓటు ఎవరికో తేల్చిన ఓటు

మా సంఘం పాత చర్చి నుంచి విడిపోయింది ఒక్క మాట మీద. పాస్టరుగారిని మార్చేటప్పుడు పైవాళ్ళు మమ్మల్ని అడగలేదని మగవాళ్ళంతా కోపంతో బయటికొచ్చారు. అద్దంకి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఇక మన సంఘానికి మన రాజ్యాంగమే ఉండాలన్నారు. ఆ మాట అన్నది మా బావగారు. నా భర్తకు అన్న, కొత్త సంఘానికి పెద్ద.

రాసే పని నాకు అప్పగించారు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. దేశానికి రాజ్యాంగం ఎలా తయారైందో ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. ముసాయిదా రాయడం, దాన్ని జనం ముందు పెట్టడం, ఒక్కో అధికరణం మీద సభలో వాదించుకోవడం, సవరణలు, ఆమోదం, సంతకాలు. ఇన్నేళ్ళూ నోటితో చెప్పింది చేతులతో చేసే అవకాశం వచ్చిందని పొంగిపోయాను. అంత తెలివితక్కువదాన్ని.

రెండు నెలలు కూర్చుని రాశాను. నాలుగో నియమం ఇది: బాప్తిస్మం పొంది పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి స్త్రీకీ, పురుషుడికీ ఓటు ఉంటుంది.

బావగారు చదివి, పెన్సిలుతో "స్త్రీకీ" అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు.

"ఇదెందుకు పెట్టావమ్మా?"

"చర్చి ఊడ్చేదీ, పాటలు పాడేదీ, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకెళ్ళి ప్రార్థన చేసేదీ ఆడవాళ్ళేగా బావగారూ."

"చెయ్యమను. ఎవరొద్దన్నారు? పెద్దలు చూసుకోవాల్సినవి పెద్దలు చూసుకుంటారు."

"కొట్టేయాలంటే సభలో అందరికీ చదివి వినిపించి కొట్టేయండి."

"సరే, సభలోనే తేల్చుకుందాం" అన్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో మీటింగు రోజు ప్రకటించాక తెలిసింది. బుధవారం ఉదయం పదింటికి పెట్టారు. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఆ వేళప్పుడు మా పేటలో ఒక్క ఆడమనిషీ ఇంట్లో ఉండదు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు.

బుధవారం బడికి సెలవు పెట్టి, ఆటో మాట్లాడుకుని చేలోకే వెళ్ళాను. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, ముక్కులకు అడ్డంగా తువ్వాళ్ళు కట్టుకుని సాళ్ళలో వంగి కోస్తున్నారు. విషయం చెప్పాను. కొందరు తలెత్తనైనా ఎత్తలేదు. పదిహేనుమంది దాకా నాతో వచ్చారు.

షెడ్డులో మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మేం గోడ వెంట నిలబడ్డాం. నేను ముసాయిదా చదివాను. నాలుగో నియమం దగ్గర, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. ముందుగా ఆడవాళ్ళ చేతులే లేచాయి, కారానికి ఎర్రబారిన చేతులు.

"దించండి" అన్నారు బావగారు. "మీకు ఓటుందని నియమం పాసైతేగదా మీరు చేతులెత్తేది? ఇంకా పాసవలేదు."

"మరి మగాళ్ళకు ఉందని ఎప్పుడు పాసైంది బావగారూ? ఇంకా ఏ నియమమూ పాసవలేదుగా!"

బావగారు ముసాయిదా అందుకుని మొదటి పేజీ నుంచి వెతకడం మొదలుపెట్టారు. గెలిచాననుకున్నాను. అంతలో వెనక కుర్చీల్లోంచి ఎవరో నా భర్తను ఉద్దేశించి అరిచారు: "ఏరా, నీ పెళ్ళాం నోరు మూయించలేవంట్రా?"

ఆయన నావైపు చూడకుండానే "కూర్చో" అన్నాడు. కూర్చోవడానికి నాకు కుర్చీ లేదు.

బావగారు లేచి, "స్త్రీకీ" అన్న మాట తీసేయడానికి ఒప్పుకునే మగవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నా భర్త చెయ్యి ఆఖరున, భుజం దాకా లేచింది. దాన్నీ లెక్కపెట్టారు.

రాసింది నువ్వేగా, సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశారు. "ఈ నియమావళిని ఆమోదించినప్పుడు స్త్రీలను లెక్కలోకి తీసుకోలేదు" అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. బావగారు అక్కడే చింపేశారు. తర్వాత గుంటూరులో మళ్ళీ టైపు చేయించి, నా పేరు లేకుండా రిజిస్టరు చేయించుకున్నారు.

తిరిగి చేలోకి వెళ్తుంటే ఆటోలో అందరికంటే పెద్దామె నామీద విరుచుకుపడింది.

"పని మాన్పించి తీసుకెళ్ళి నలుగురిలో నవ్వులపాలు చేశావు. నువ్వు బడికి పోయి కూర్చుంటావు. రేపు ఆ మగాళ్ళ నోళ్ళలో నానేది మేమేగా?"

ముందే ఇంటింటికీ వెళ్ళి వాళ్ళతో మాట్లాడాలని నాకు తట్టనే లేదు. నేనూ వాళ్ళను అడగకుండానే రాశాను.

కొన్నాళ్ళకు ఇంట్లో ఒక పూట అన్నం తింటూ నా భర్త అన్నాడు, "అన్న ముందు నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. చెయ్యి ఎత్తకుండా ఉంటే చాలు."

ఆయన కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. ఆ పూటకు నాకేమీ జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

చర్చికి వెళ్ళడం మాత్రం మానలేదు. మానితే వాళ్ళకు హాయి. ఏటా జరిగే సంఘ సమావేశంలో నాలుగో నియమం సవరించమని ఒక అర్జీ ఇస్తున్నాను. మొదటి ఏడాది దాని మీద ఉన్నది నా ఒక్క సంతకమే. ఈ ఏడు ఇంటింటికీ తిరిగాను. ఆటోలో నన్ను తిట్టిన పెద్దామె వారం తిప్పించుకుని వేలిముద్ర వేసింది.

బావగారు ఆ అర్జీని విప్పకుండానే జేబులో పెట్టుకున్నారు.

"చదవండి బావగారూ, అందరూ వింటారు."

"ఇప్పుడు టైము లేదమ్మా."

నా దగ్గర ఇంకో ప్రతి ఉంది. లేచి నిలబడి నేనే చదివాను. సగం మంది మగవాళ్ళు లేచి బయటికెళ్ళిపోయారు. మిగతావాళ్ళ మొహాలు చూస్తూ, సంతకాలు పెట్టిన ఆడవాళ్ళలో ఆఖరి పేరు దాకా చదివాను.